గురక శేషన్న

ఎమ్మిగనూరులో ఆ ఒక్క వీధిలోనే ముగ్గురు శేషన్నలు ఉన్నారు. చేనేత సొసైటీలో పనిచేసే ఆయన సొసైటీ శేషన్న. మూల మీద కిరాణా అంగడి పెట్టుకున్న ఆయన అంగడి శేషన్న. మూడో ఆయన గురక శేషన్న. ఇంట్లోనే మగ్గం వేసుకొని నూలు చీరలు నేసే ఈ మూడో శేషన్నకు ఆ పేరు వచ్చి పదకొండేళ్లయింది. దాన్ని వీధంతా పాకించింది ఎవరో కాదు, స్వయానా ఆయన భార్య తిమ్మక్క.

తిమ్మక్కకు మొగుడి మీద వేరే ఫిర్యాదు ఏమీ లేదు. తాగడు, పేకాడడు, కోపం వస్తే గొంతు పెంచడు, మగ్గం గుంతలోకి దిగి కూర్చుంటాడు, అంతే. ఆ ఒక్క గురక లేకపోతే ఇంతకన్నా మంచి మనిషి దొరకడని ఆమే నలుగురికీ చెప్పేది. చెప్పి, రాత్రి తనకు ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో కూడా చెప్పేది. ఊపిరాడనట్టు ఉలిక్కిపడి లేవడం, చెవుల్లో ఇంకా ఆ గుర్రుమనే చప్పుడు మిగిలి ఉండడం, పక్కన ఆయన కళ్లు తెరిచి చూస్తూ ఏం లేదు పండుకో అనడం. తన గురకకు తనకే మెలకువ వచ్చిందేమో మహానుభావుడికి అని ఆమె చెబుతుంటే కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు దించి నవ్వేవాళ్లు.

ఇది మొదలైంది ఆలూరులో. అక్కడ తిమ్మక్క అన్న కొత్త ఇల్లు కట్టుకొని చేరినప్పుడు వేసవికాలం. చుట్టాలందరూ మిద్దె మీద వరసగా చాపలు పరుచుకొని పడుకున్నారు. తెల్లవారి కాఫీలు తాగుతుండగా వదిన, రాత్రి ఎవరో గురక పెట్టి మిద్దెంతా అదరగొట్టారని చెప్పి, అది ఎట్లా మొదలయిందో, ఎట్లా పెరిగిందో, మధ్యలో ఎట్లా ఆగి మళ్లీ అందుకుందో గొంతుతో చేసి చూపింది. అందరూ పడీపడీ నవ్వారు. ఎవరప్పా ఆ మనిషి అని తిమ్మక్క కూడా కళ్లనీళ్లు తుడుచుకుంటూ అడిగింది. కాసేపటికి శేషన్న గ్లాసు కింద పెట్టి, నాదే అన్నాడు.

ఆ రోజు నుంచి తిమ్మక్క ఆయన గురకను తగ్గించే పని నెత్తిన వేసుకుంది. పడుకునే ముందు ముక్కులో గోరువెచ్చని నెయ్యి చుక్కలు వేసింది. వాము వేసి ఆవిరి పట్టించింది. తలకింద దిండు మీద దిండు పెట్టింది. వెల్లకిలా పడుకుంటే గురక ఎక్కువవుతుందని ఎవరో చెబితే, పిల్లలు ఆడుకునే రబ్బరు బంతి ఒకటి తెచ్చి ఆయన బనీను వెనక కుట్టింది, వెల్లకిలా తిరిగితే గుచ్చుకొని పక్కకు తిరుగుతాడని. రాత్రి అన్నం మాన్పించి ఒక్క జొన్నరొట్టె పెట్టింది. శేషన్న అన్నిటికీ ఒప్పుకున్నాడు. రెండేళ్లలో పొట్ట పోయింది, చెంపలు లోపలికి పోయాయి, చొక్కాలు వదులయ్యాయి. గురక మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు.

ఆమె మాత్రం ఆ ఏళ్లలో ఒళ్లు చేసింది. తినేది ఎక్కువేమీ లేదు. అయినా బరువు పెరిగింది. మొహం ఉబ్బినట్టుండేది, గొంతు బొంగురుపోయింది, మే నెలలో కూడా చలి అనేది. పొద్దున లేస్తే తల దిమ్ముగా, కణతలు లాగుతున్నట్టుగా నొప్పి. అంగడి శేషన్న దగ్గర నొప్పి మాత్రలు కొని టీతో పాటు వేసుకోవడం అలవాటయింది. నేతకు నూలు కండెలు చుట్టడానికి రాట్నం ముందు కూర్చుంటే పది నిమిషాలకు కునుకు పట్టేది. చెయ్యి ఆగిపోయేది, నూలు చిక్కుపడేది. రాత్రి నిద్ర లేకపోతే పగలు ఇట్లాగే ఉంటుందని ఆమె లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు. కారణం ఎక్కడుందన్నదే ఆమెకు తెలియదు.

పోయిన ఏడాది దసరా ముందు ఒక పని జరిగింది. చీరలకు నిలువుగా పరిచిన పడుగు అయిపోతే, మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. పెళ్లయినప్పటి నుంచి ఆ పని తిమ్మక్కదే. కళ్లు మూసుకొని అతకగలదని అత్తగారు కూడా ఒకప్పుడు మెచ్చుకుంది. ఈసారి నిజంగానే కళ్లు మూతలు పడుతూ అతికింది. శేషన్న మూరెడు నేసిన తర్వాత చూస్తే అంచులో ఉండాల్సిన ఎరుపు పోగులు పన్నెండు చీర ఒంటిలోకి వచ్చి, ఆకుపచ్చ చీర నడుమ గీత గీసినట్టు కనిపించాయి.

ఆయన ఒక్క మాట అనలేదు. నేసింది విప్పి, ఒక పూటంతా వంగి కూర్చొని తనే మళ్లీ అతికాడు. ఆయన అనకపోయేసరికి తిమ్మక్కకు ఇంకా బాధేసింది. వంటింట్లో కూర్చొని ఏడ్చింది. నాలుగు రోజులు కంటినిండా నిద్రపోతే ఇట్లా చేసేదాన్నా, ఈయన గురక నా చేతిలో పని కూడా లాక్కుంటోందని కూతురి దగ్గర వాపోయింది.

కూతురు దీపిక ఆదోనిలో ఫార్మసీ చదువుతోంది. రోజూ బస్సులో పోయి వస్తుంది. గురకను నవ్వులాటగా తీసుకోకూడదని, కొందరికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుందని, దాంతో బీపీ, గుండెజబ్బు కూడా రావచ్చని కాలేజీలో చెప్పారంది. నాన్నను మంగళవారం ఆదోనిలో చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపిస్తానంది. శేషన్న వద్దంటాడనుకున్నారు ఇద్దరూ. ఆయన వెంటనే సరేనన్నాడు. కాకపోతే ఒక్క షరతు పెట్టాడు.

"అమ్మ గూడా రావాల."

"అమ్మ ఏంటికి నాయనా? సూపించుకునేది నువ్వు."

"అమ్మ వస్తేనే నేను వస్తా," అన్నాడు ఆయన, అంతకుమించి చెప్పలేదు.

మంగళవారం ముగ్గురూ తొమ్మిదింటి బస్సెక్కారు. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు విచ్చుకొని ఉన్నాయి. తిమ్మక్క ఆ తెలుపు చూసింది ఊరు దాటేదాకానే. ఆ తర్వాత ఆదోని బస్టాండులో దీపిక భుజం తట్టి లేపింది. బస్సు ఇంజను చప్పుడులో మిగతా ఏ చప్పుడూ ఎవరికీ వినపడలేదు.

ఆసుపత్రిలో వాళ్ల నంబరు పద్నాలుగు. లోపల మూడో నంబరు నడుస్తోంది. గోడవార వేసిన ఇనుప కుర్చీల్లో ముగ్గురూ వరసగా కూర్చున్నారు. నడుమ తిమ్మక్క. దీపిక ఫోను తీసింది. శేషన్న బయటికి పోయి మూడు టీలు తెచ్చాడు. తిమ్మక్క తన టీ గబగబా తాగేసి, కొంగు భుజం మీదుగా కప్పుకొని, తల గోడకు ఆనించింది. ఫ్యాను గాలి చల్లగా తగిలింది.

ఆమెకు మెలకువ వచ్చింది ఎవరో నవ్వుతుంటే. కళ్లు తెరిచేసరికి హాల్లో ఉన్న జనమంతా ఇటే చూస్తున్నారు. ఎదురు కుర్చీలో తలపాగా చుట్టుకున్న ముసలాయన, అరచెయ్యి చెవి వెనక పెట్టుకొని ముందుకు వంగి ఉన్నాడు. ఆయన చిప్పగిరి రైతు, పేరు ఆదెప్ప అని తర్వాత తెలిసింది.

"అమ్మా, నాకు రెండు చెవులూ వినపడవని వచ్చినా," అన్నాడు ఆయన, చెవిటివాళ్లు మాట్లాడినట్టు గట్టిగానే. "ఇది మాత్రం బాగా వినపడింది."

హాలంతా మళ్లీ నవ్వింది. తిమ్మక్కకు ఏమీ అర్థం కాలేదు. ఏది వినపడిందని పక్కకు తిరిగి మొగుణ్ని చూసింది. శేషన్న గొంతు సవరించుకున్నాడు. పదకొండేళ్ల అలవాటు, నాలుక దానంతటదే కదిలింది.

"నాదేన్నా, నాదే. నాకు గురక ఉండాది," అన్నాడు ఆదెప్పతో.

దీపిక ఫోను దించింది. తండ్రి చేతిలో సగం ఖాళీ అయిన గ్లాసును, తండ్రి మొహాన్ని మార్చి మార్చి చూసింది.

"నాయనా, నువ్వు టీ తాగుతాండావు కదా."

ఆ ఒక్క మాటతో తిమ్మక్కకు నిద్రమత్తు పూర్తిగా వదిలింది. గొంతు ఎండిపోయి ఉంది, చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. ప్రతి రాత్రీ ఉలిక్కిపడి లేచినప్పుడు మిగిలే చప్పుడే అది. కూతురి వైపు చూస్తే కూతురు తల దించుకుంది. మొగుడి వైపు చూస్తే ఆయన గ్లాసులోకి చూస్తున్నాడు. కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కొని, నంబరు పిలిచేదాకా ఆమె నేలమీది గచ్చు గళ్లు చూస్తూ కూర్చుంది. లేచి బస్టాండుకు పోదామనిపించింది కానీ, లేస్తే జనం ముందునుంచే నడవాలి.

డాక్టరు శామ్యూల్ నడివయసు మనిషి. చీటీలో శేషన్న పేరు చూసి ఆయన్నే కుర్చీలో కూర్చోమన్నాడు. దీపిక తల్లి వైపు చూసి, చెప్పాలా వద్దా అని తటపటాయించింది. శేషన్నే అడ్డుపడి, చీటీ తన పేరున ఉన్నా చూడాల్సింది తన భార్యనని చెప్పాడు. తర్వాత, ఎన్నాళ్ల నుంచో లోపల పెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటపెట్టాడు.

"గురకకు కాదు సార్ నా భయం. ఏడాది నుంచి అది మధ్యలో ఆగిపోతాండాది. చప్పుడుండదు, ఊపిరీ ఉండదు. నేను లెక్కపెడతా. పది, పదైదు, ఒక్కోసారి ఇరవై దాకా పోతాది. అప్పుడు భుజం పట్టుకొని పక్కకు తిప్పుతా. గుర్రుమని మళ్లా వస్తాది."

రాస్తున్న డాక్టరు పెన్ను ఆగింది. రోజూ అట్లా లేచి లెక్కపెడతావా అని అడిగాడు. రోజూ కాదు, ఎక్కువ రోజులు అన్నాడు శేషన్న. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక గంట పడుకుంటాను కాబట్టి తనకు పర్వాలేదన్నాడు.

డాక్టరు అడుగుతుంటే తిమ్మక్క తల ఊపుతూ పోయింది. పొద్దున్నే తలనొప్పి ఉందా, ఉంది. నోరు ఎండిపోతుందా, అవును. పగలు కూర్చున్నచోటే నిద్ర వస్తుందా, వస్తుంది. చలి ఎక్కువా, మలబద్ధకమా, జుట్టు రాలుతోందా, గొంతు మారిందా. ఈయనకు ఇవన్నీ ఎవరు చెప్పారా అని ఆమెకు ఆశ్చర్యమేసింది. డాక్టరు ఆమె మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచాడు, బరువు, బీపీ చూశాడు, లైటు వేసి ముక్కులోకి, గొంతులోకి చూశాడు. బీపీ ఎక్కువగానే ఉంది. ఏం పని చేస్తావని అడిగి, కండెలు చుడతానంటే, ముక్కు లోపల నూలు నుసికి వాచినట్టుందన్నాడు.

తర్వాత ఆయన నిదానంగా వివరించాడు. నిద్రపోతే గొంతు వెనక కండ వదులవుతుంది. ఊపిరి పోయే దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో గాలి తోసుకొని పోతుంటే ఆ మెత్తని కండ అదురుతుంది, ఆ అదురే గురక. ముక్కు మూసుకుపోతే నోటితో పీల్చాల్సి వస్తుంది, అప్పుడు ఇంకా ఎక్కువ. మెడ దగ్గర కొవ్వు చేరితే అది బయటినుంచి నొక్కుతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. థైరాయిడ్ తగ్గినా ఒళ్లు ఉబ్బి, నాలుక మందమై దారి మూసుకుంటుంది. అది రక్తపరీక్షలో తేలుతుంది. దారి పూర్తిగా మూసుకున్నప్పుడు ఊపిరి ఆగుతుంది. ప్రాణం ఊరుకోదు కదా, తట్టి లేపుతుంది. లేచింది మనకు తెలియదు. ఎనిమిది గంటలు పడుకున్నా పడుకున్నట్టు ఉండదు.

"ఇన్నేళ్లు ఏమీ చెయ్యలేదా?" అని అడిగాడు చివర్లో.

దీపిక నవ్వు ఆపుకోలేక, తండ్రికి జరిగిన వైద్యమంతా చెప్పింది. జొన్నరొట్టె, దిండ్లు, బంతి కుట్టిన బనీను, ఏదీ వదల్లేదు. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వైద్యం చాలావరకు సరిగ్గానే ఉందమ్మా. మనిషే మారింది."

నవ్వు ఆగిన తర్వాత ఆయన శేషన్నకు ఒక మాట చెప్పాడు. భార్య చిన్నబోకూడదని దాచావు, బాగానే ఉంది, కానీ ఆమెకు ఇన్నేళ్లు తలనొప్పి మాత్రలు మింగే గతి పట్టింది, ముందే తీసుకొచ్చి ఉంటే ఎప్పుడో తేలిపోయేది అన్నాడు. శేషన్న అవును సార్ అన్నాడు.

రక్తం ఇచ్చి, నిద్రలో ఊపిరిని లెక్కకట్టడానికి రాత్రి చేతికి కట్టుకొని పడుకోవాల్సిన చిన్న యంత్రం తీసుకొని బయటికి వచ్చేసరికి ఒంటిగంట. దీపిక కాలేజీకి పోయింది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఎమ్మిగనూరు బస్సు కోసం బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నారు, నడుమ ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. కొళాయి దగ్గర తాను చెప్పిన కబుర్లన్నీ తిమ్మక్కకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

"ఆలూరులోనే సెప్పింటే అయిపోతాండె కదప్పా," అంది చివరికి.

"మీ వదిన అట్ల చేసి సూపిస్తాంటే, అందరికంటే నువ్వే ఎక్కువ నవ్వుతాంటివి. ఎవురిది అని అడిగింది గూడా నువ్వే. నీదే అని ఎట్ల సెప్పేది?"

"మళ్లా ఇంటికొచ్చినాక సెప్పొచ్చు."

"సెప్దామనే అనుకుంటి. అప్పటికే నువ్వు నా బనీనుకు బంతి కుట్టేసింటివి."

తిమ్మక్క కోపంగానే ఉండాలనుకుంది. బంతి మాట వినేసరికి, ఆ బనీను తొడుక్కొని రెండు వేసవులు ఆయన ఒక పక్కకే పడుకోవడం కళ్ల ముందుకొచ్చింది. నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పదకొండేళ్లు ఊరంతా నిన్ను ఆ పేరుతో పిలుస్తుంటే ఊరుకున్నావని తిట్టింది. ఊరుకోవడం తప్పేనని, ఏడాది కింద ఊపిరి ఆగడం మొదలైనప్పటి నుంచి రోజూ చెప్పాలనుకొని రోజూ వెనకాడానని ఆయన ఒప్పుకున్నాడు. డాక్టరైతే ఎట్లాగో కనిపెడతాడని, అందుకే ఆమెను వెంట రమ్మన్నానని చెప్పాడు. బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు ఆయన సంచీ ఆమే తీసుకుంది.

వారానికి ఫలితాలు వచ్చాయి. థైరాయిడ్ బాగా తగ్గి ఉంది. గంటకు సగటున ఇరవై రెండుసార్లు ఊపిరి ఆగడమో సన్నబడడమో జరుగుతోందని యంత్రం చెప్పింది. పరగడుపున ఒక మాత్ర, ముక్కులోకి మందు, పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం, బీపీకి వేరే మాత్ర. ఒళ్లు దారికి వచ్చేదాకా రాత్రి ముక్కుకు తొడుక్కొని పడుకోవడానికి గాలి యంత్రం ఒకటి ఆసుపత్రివాళ్లే కొన్ని నెలల కోసం ఇచ్చారు. దాని పట్టీ తలచుట్టూ బిగించుకొని అద్దంలో చూసుకొని, ఇది పెట్టుకొని నిద్రపోయేదెట్లా అని తిమ్మక్క మూడు రోజులు పీకి పారేసింది. దీపిక పట్టీ వదులు చేసి, పగలు ఖాళీగా కూర్చున్నప్పుడు కూడా కాసేపు పెట్టుకోమని అలవాటు చేయించింది. నాలుగో రోజు ఎప్పుడు పడుకుందో, ఎప్పుడు తెల్లారిందో ఆమెకు తెలియదు. వేపపుల్లతో పళ్లు తోముకుంటూ ఏదో తక్కువయిందని ఆలోచించింది. కాసేపటికి తట్టింది, తలనొప్పి లేదు.

శేషన్న ఇంట్లో రొట్టె నియమం ఇప్పుడు తారుమారయింది. ఆయనకు రాత్రి అన్నం, పప్పు, నెయ్యి వచ్చాయి. ఆమెకు రొట్టె, ఆకుకూర. పొద్దున ఇద్దరూ మాచాని కాలనీ వైపు నడిచి వస్తున్నారు. రాట్నం లోపలి గదిలోంచి వసారాలోకి మారింది. కండెలు చుట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటోంది. ఆరు నెలలకు ఏడు కిలోలు తగ్గింది, గొంతు తేటపడింది. మళ్లీ పరీక్ష చేస్తే గంటకు ఇరవై రెండుసార్లు ఆగే ఊపిరి తొమ్మిదిసార్లకు వచ్చింది. యంత్రం ఇంకొన్నాళ్లు ఉండనిద్దాం, తర్వాత చూద్దాం అన్నాడు డాక్టరు. ఉగాదికి ముందు ఒక పడుగు పూర్తిగా అతికింది. శేషన్న మూరెడు నేసి, మగ్గం గుంతలోంచి తల ఎత్తి చూసి, ఏమీ అనకుండా మళ్లీ నేసుకున్నాడు. అదే ఆయన మెచ్చుకోవడం.

ఇంక మిగిలింది మొగుడికి తాను అంటగట్టిన పేరు. ఒక పొద్దున కొళాయి దగ్గర నలుగురూ ఉండగా తిమ్మక్క బిందె పక్కన పెట్టి, ఇన్నేళ్ల గురక ఆయనది కాదు, నాది అని చెప్పేసింది. డాక్టరు సంగతి, యంత్రం సంగతి, ఆయన లెక్కపెట్టిన సంగతి అన్నీ చెప్పింది. నవ్వుతారని గుండె గట్టిచేసుకొని వచ్చింది. వాళ్లు నవ్వలేదు, నమ్మనూ లేదు. ఈ వయసులో మొగుడి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చూడండి, ఆయన గురకను కూడా తన నెత్తిన వేసుకుంటోందని ఒకామె అంది. ఎంత మొత్తుకున్నా అంతే. ఇంటికి వచ్చి ఈ మాట చెబితే శేషన్న పడుగు పోగులు తెంపుకునేంతగా నవ్వాడు.

అదే రోజు మధ్యాహ్నం నాలుగిళ్ల అవతలి సంతోషమ్మ వచ్చింది. ఆమెది కూడా నేతపనే. మాటకు మాట అంటించి నలుగురిని నవ్వించే మనిషి, పొద్దున కొళాయి దగ్గర మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, శేషన్న మగ్గం చప్పుడు ఆగలేదని చూసుకొని, ఆ డాక్టరు ఏయే రోజుల్లో కూర్చుంటాడని అడిగింది. ఎవరికి, మీ ఇంటాయనకా అంది తిమ్మక్క. సంతోషమ్మ చాపమీద ఒక పుల్ల ఏరుకొని దాన్ని విరుస్తూ కూర్చుంది.

"మా అక్క కూతురి పెండ్లికి బళ్లారికి రమ్మంటాండారు. మూడు దినాలుండాల. ఆడ నలుగురిలో పండుకోవాల కదక్కా. నేను రానని సెప్పి పంపిన."

తిమ్మక్క ఇంకేమీ అడగలేదు. పొద్దున్నే తలనొప్పి వస్తుందా అని మాత్రం అడిగింది. వస్తుందని సంతోషమ్మ తల ఊపింది. పెండ్లి ఎప్పుడని అడిగితే ఇంకా నెలన్నర ఉందంది.

"వస్తామని మళ్లా కబురంపు," అంది తిమ్మక్క. "మంగళవారం తొమ్మిదింటి బస్సుకు పోదాం. నేనూ వస్తా."

మంగళవారం బస్సులో జనం పలచగానే ఉన్నారు. తిమ్మక్క కిటికీ పక్క సీటు సంతోషమ్మకు ఇచ్చింది. డాక్టరు ఏమేమి అడుగుతాడో, దేనికి ఏమని చెప్పాలో దారి పొడుగునా చెబుతూనే ఉంది. ఆదోని కొండలు కనిపించేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.